పరాయి నోట్లో ఆమె నవ్వు

కట్టుడు పళ్ళు చేసేవాణ్ణి ఎవరూ చూడరు. పళ్ళ డాక్టరును చూస్తారు, ఆ కుర్చీని చూసి బెదురుతారు, డాక్టరు చేతిలో సూది చూసి దేవుణ్ణి తలుచుకుంటారు. అంతేగానీ ఆసుపత్రి వెనక గదిలో ఒక మనిషి కూర్చుని ఆ పళ్ళను ఒక్కొక్కటిగా పేరుస్తాడన్న సంగతి ఎవరికీ తట్టదు. వాటంతటవే మొలుచుకొచ్చాయనుకుంటారు కాబోలు! మన పళ్ళాయన అలాంటి వెనక గది మనిషి. ఆయన్ని అందరూ పళ్ళాయన అనే పిలుస్తారు. పేరు పెట్టి పిలిచే మనిషి ఒక్కతే ఉండేది, ఆయన భార్య. ఆవిడ పోయి ఏడాది దాటింది.

ఆయన పని గురించి కాస్త చెప్పాలి, లేకపోతే ఆయన చేసిన ఘనకార్యం మీకు అర్థం కాదు. డాక్టరమ్మ నోటి అచ్చు తీసి వెనక గదికి పంపుతుంది. పళ్ళాయన ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి దవడ తీస్తాడు, దాని మీద మైనంతో చిగురు కడతాడు. స్పిరిట్ దీపం మీద చిన్న కత్తి వేడిచేసి, మైనం కరిగిస్తూ అందులో పళ్ళు కూర్చోబెడతాడు. ఆ మైనం సెట్టును ఒకసారి నోట్లో పెట్టి చూసి, బాగుందనుకున్నాకే గట్టి సెట్టు పోస్తాడు. అయితే బోసినోటికి ఒకప్పుడు పళ్ళు ఎలా ఉండేవో ఎవరికి తెలుసు? అందుకే పాత ఫోటో తెమ్మంటారు, నవ్వుతున్నదైతే మరీ మంచిది. ఈ విషయంలో పళ్ళాయన మహా పట్టుదల మనిషి. "ఫోటో లేనిదే పన్ను ముట్టను" అని డాక్టరమ్మతోనే పేచీ పెట్టుకునేవాడు. ఫోటోలో పన్ను కాస్త విరిగి ఉంటే ఈయనా కాస్త అరగదీసేవాడు. ఎవరి నవ్వు వాళ్ళకి తిరిగి ఇవ్వాలి, అంతే తన పని అనేవాడు.

భార్య పోయాక ఆయన ఫోటోలు అడగడం మానేశాడు. ఎందుకు మానేశాడంటే, ఏం చెప్పమంటారు? నవ్వుతున్న మొహాలు చూడబుద్ధి కాలేదు. పొద్దున్నే లేచి గడ్డం గీసుకోవడమే పెద్ద పనైపోయిన మనిషి, ఇంకొకరి నవ్వును పట్టి పట్టి ఏం చూస్తాడు? ఇంట్లో కూతురు ఉంది. కొరియర్ ఆఫీసులో ఉద్యోగం చేస్తుంది. తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒక బల్ల దగ్గరే తింటారు, ఒక టీవీనే చూస్తారు, మాట మాత్రం ఉండదు. ఎవరు నోరు తెరిచినా ఏడుపే వస్తుందని ఇద్దరికీ భయం.

అలాంటి రోజుల్లో, ఎవరో ముసలావిడకి పళ్ళు పేరుస్తుంటే, పైవరుసలో ఎడమవైపు ముందు పన్ను పక్కదాని మీదికి రవ్వంత ఎక్కి కూర్చుంది. పళ్ళాయన కత్తి కింద పెట్టి చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. అది ఆయన భార్య పన్ను. అచ్చం ఆవిడ నవ్వే. పెళ్ళిచూపుల్లో ఆయన్ని పడగొట్టినదీ, కోపంలో ఉన్నప్పుడు కూడా దాచుకోలేక ఆవిడ బయటపెట్టేసేదీ ఆ పన్నే.

మొదటిసారి తెలియకుండానే జరిగింది, ఒప్పుకుందాం. రెండోసారి మాత్రం తెలిసే చేశాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఆడమనిషికీ తెలిసే చేశాడు. మైనం సెట్టు తయారయ్యాక గది తలుపు దగ్గరికి వేసి, దాన్ని వెలుతురుకి ఎదురుగా పెట్టుకుని కూర్చునేవాడు. రోజు మొత్తంలో ఆ కాసేపే ఆయనకి ఊపిరాడేది. ఆ తర్వాత ఆ నవ్వు ఎవరి నోట్లోకో ఎక్కి, మెట్లు దిగి, వీధిలోకి వెళ్ళిపోయేది. ఛీ, ఇదేం పని అని తనని తాను తిట్టుకునేవాడు. మళ్ళీ కొత్త అచ్చు రాగానే చేతులు ఆత్రపడేవి.

పెద్ద టీచరమ్మ పళ్ళ దగ్గర వ్యవహారం చెడింది. ఆవిడ పెద్ద బడికి హెడ్‌మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ ఆవిడ వరండాలో నడిస్తే కూర్చున్నవాళ్ళు కాళ్ళు దగ్గరికి లాక్కుంటారు. మైనం సెట్టు నోట్లో పెట్టి అద్దం చేతికివ్వగానే ఆవిడ కనిపెట్టేసింది.

"ఏమయ్యా, ఈ పన్నేమిటి వంకరగా ఉంది?"

పళ్ళాయన తల దించుకునే జవాబు చెప్పాడు. "అన్నీ తిన్నగా ఉంటే కట్టుడు పళ్ళని ఇట్టే తెలిసిపోతుందమ్మా. కాస్త వంకర ఉంటేనే సహజంగా ఉంటుంది."

అది అబద్ధం కూడా కాదు. పనిలో అందరూ అనే మాటే. అందుకే మరీ సిగ్గుచేటు. నిజాన్ని తీసుకెళ్ళి దొంగతనానికి కాపలా పెట్టాడు. "బాబాయ్ చెప్తే కరెక్టే ఉంటుందండీ, ఆయన చెయ్యి అలాంటిది" అని డాక్టరమ్మ కూడా వంతపాడింది. టీచరమ్మ ఊ అని ఊరుకుంది, గట్టి సెట్టు పెట్టుకుని వెళ్ళింది.

కొన్నాళ్ళకి చిగురు ఒరుసుకుంటోందని మళ్ళీ వచ్చింది. అదే రోజు పళ్ళాయన క్యారియర్ మరిచిపోతే కూతురు ఆఫీసుకి వెళ్తూ తెచ్చింది. వరండా నిండా జనం. దవడ వాచిన ఒక లావుపాటాయన చెంపకి తువ్వాలు చుట్టుకుని మూలుగుతున్నాడు. పళ్ళాయన క్యారియర్ అందుకోడానికి వెనక గదిలోంచి బయటికొచ్చాడు. సరిగ్గా అప్పుడే లావుపాటాయన నర్సును అడిగాడు.

"పన్ను పీకాక మాట్లాడకూడదంటారా? ఎన్నాళ్ళు మాట్లాడకూడదో కాస్త ఎక్కువ చేసి చెప్పండమ్మా. మా ఆవిడ పండగ చేసుకుంటుంది."

వరండా అంతా గొల్లుమంది. టీచరమ్మకీ నవ్వు ఆగలేదు. ఆ వంకర పన్ను తళుక్కుమంది. వెంటనే ఆవిడ చప్పున చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళు దించేసుకుంది.

కూతురి చేతిలో క్యారియర్ కింద పడింది.

"అమ్మ!" అంది. తర్వాత తండ్రి వైపు తిరిగి, అందరికీ వినబడేంత గట్టిగా అడిగింది. "నాన్నా, ఆ పన్ను అమ్మది కదా? అమ్మ పన్ను ఆవిడ నోట్లో ఎందుకుంది?"

పళ్ళాయన నోరు మెదపలేదు. మెదిపి ఉంటే బాగుండేది. లావుపాటాయనకి అర్థం కావలసింది ఒకటి, అయింది ఒకటి.

"వాళ్ళమ్మ పోయింది కదూ? పోయినావిడ పళ్ళా ఇక్కడ పెట్టేది!" అంటూ తువ్వాలు ఊడిపోతున్నా లేచి నిలబడ్డాడు. ఎవరో "రామ రామ" అన్నారు. ఎవరో పిల్లను చంకనేసుకుని గుమ్మం వైపు నడిచారు. "అయ్యో, అదేం లేదండీ, కూర్చోండి" అని నర్సు మొత్తుకుంటోంది.

అంత గోలలోనూ టీచరమ్మ గొంతెత్తలేదు. చేతిసంచిలోంచి రుమాలు తీసింది. అందరూ చూస్తుండగానే నోట్లోంచి పళ్ళ సెట్టు తీసి రుమాల్లో పెట్టి, పక్క కుర్చీ మీద ఉంచింది. బుగ్గలు లోపలికి పడిపోయాయి. బడి మొత్తాన్ని కంటిచూపుతో నిలబెట్టిన మనిషి, ఆ బోసినోటితో నలుగురిలో తల వంచుకుని కూర్చుంది.

పళ్ళాయన ఏం చేశాడో చెప్పాలంటే నాకే మొహం చెల్లడం లేదు. పారిపోయాడు. కూతుర్ని అక్కడే వదిలేసి, టీచరమ్మని ఆ స్థితిలో వదిలేసి, వెనక గుమ్మంలోంచి మెట్లు దిగి, తెల్లకోటు కూడా విప్పకుండా వీధుల వెంట ఇంటికి వెళ్ళి మంచమెక్కాడు. తల కొట్టేసినట్టయింది. గోడవైపు తిరిగి పడుకున్నా గోడ కూడా తనని చూస్తున్నట్టే అనిపించింది.

సాయంత్రం కూతురు వచ్చింది. వంటింట్లో గిన్నెలు ఒక్కొక్కటే గట్టిగా చప్పుడయ్యాయి. చివరికి గుమ్మంలో నిలబడింది.

"డాక్టరక్క నన్ను కూర్చోబెట్టి అడిగింది. నీ అరల్లో ప్లాస్టర్ దవడలన్నీ తీసి లెక్కపెట్టింది. ఎంతమందికి పెట్టావు నాన్నా?"

"అడక్కు తల్లీ."

"అడుగుతాను. పోయిన ఏడాదంతా నేనేం అడిగాను గనక? ఊళ్ళో ఆడవాళ్ళందరికీ అమ్మ నవ్వు పంచిపెట్టావు. నాకొక్కసారి చూపించావా? రోజూ తలుపేసుకుని నువ్వొక్కడివే చూసుకున్నావు. నాకు మాత్రం అమ్మ కాదా?"

పళ్ళాయన లేచి కూర్చున్నాడు. ఎన్ని తిట్లకైనా సిద్ధపడ్డాడు గానీ ఈ మాట ఆయన ఊహించలేదు. తన దుఃఖం తనొక్కడిదే అనుకున్నాడు. పక్క గదిలో ఇంకొకరు ఒంటరిగా ఏడుస్తున్నారన్న స్పృహే లేకపోయింది. 

"ఇంకొకటి చెప్పనా?" కూతురి గొంతు ఇప్పుడు తగ్గింది. "అసలు మొదట నేను గుర్తుపట్టింది పన్ను చూసి కాదు. టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది చూశావూ, అది చూసి గుర్తుపట్టాను. అమ్మ అచ్చం అలాగే పెట్టుకునేది."

"మీ అమ్మా? ఇంటికప్పు ఎగిరిపోయేలా నవ్వేది మీ అమ్మ."

"నీ ముందు. నీ ముందు ఒక్కచోటే నాన్నా. బయటికి వెళ్తే చెయ్యి తీసేది కాదు. ఫోటోల్లో ఎక్కడైనా పళ్ళు కనబడ్డాయా? ఆ పన్నంటే అమ్మకి చచ్చేంత సిగ్గు. చిన్నప్పుడు బళ్ళో ఏడిపించారట. మొగుడు పళ్ళు చేసేవాడై ఉండి నా పన్ను వంకర చూడవే అనేది."

"మరి నాకెందుకు చెప్పలేదే? చిటికెలో సరిచేయించేవాణ్ణి కదా!"

"నేనూ అదే అన్నాను. మీ నాన్నతో అనకు, ఆయనకి ఈ పన్నంటే ప్రాణం, పోనీలే, ఉంటే ఏం అంది."

కూతురు వెళ్ళిపోయింది. పళ్ళాయన అలాగే కూర్చున్నాడు. ఎన్నేళ్ళ కాపురం! లోకంలో అందరి నోళ్ళూ చూశాడు, ఇంట్లో మనిషి చెయ్యి ఎందుకు పైకి లేస్తోందో చూడలేదు. ఆవిడ సిగ్గుపడ్డ పన్నును పట్టుకుని, అదే ఆవిడ అందమని ఊరేగించాడు. ఏ ముక్కను పట్టుకుని ఈ ఏడాదంతా బతికాడో, ఆ ముక్క కూడా చేతిలోంచి జారిపోయింది. ఇక దేన్ని చూసుకుని పనిలోకి వెళ్ళాలి?

వెళ్ళలేదు. వరసగా కొన్ని రోజులు వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని కబురు చేశాడు. గడ్డం పెరిగింది. ఇక జన్మలో కత్తి పట్టనని కూతురితో ఒకసారి, గోడతో పదిసార్లు అన్నాడు. చివరికి డాక్టరమ్మే ఫోన్ చేసింది.

"బాబాయ్, నేను తిట్టడానికి చెయ్యలేదు. తిట్టాల్సినవి తర్వాత తిడతాను. మిగతావాళ్ళకి నేనే ఫోన్లు చేశాను, ఇష్టమైనవాళ్ళు వచ్చి మార్పించుకుంటారు. టీచరమ్మ మాత్రం ఆ సెట్టు ముట్టుకోవడం లేదు. జావలు తాగి బతుకుతోంది, గుమ్మం దాటి రావడం లేదట. వేరే మనిషితో చేయిస్తానంటే ఒప్పుకోవడం లేదు. చెడగొట్టినవాడే దిద్దాలి అంటోంది. రేపు రమ్మన్నాను. నువ్వొస్తావా, రావా?"

ఫోన్ పెట్టేశాక పళ్ళాయన చాలాసేపు తటపటాయించాడు. వెళ్ళడానికి మొహం చెల్లదు. వెళ్ళకపోతే ఆవిడ అలా తిండి లేకుండా, మాట లేకుండా ఇంట్లో కూర్చుంటుంది. తను పరువు కాపాడుకోడానికి మంచం మీద ఉన్నాడు, ఆవిడ పరువు పోయి ఇంట్లో ఉంది. రెండూ ఒకటేనా? కాదని తెలుస్తూనే ఉంది. కూతురి గది తలుపు తట్టాడు.

"రేపు సెలవు పెడతావా అమ్మడూ? నాతో రావాలి. నా కంటి మీద నాకు నమ్మకం పోయింది."

కూతురు ఆయన్ని ఎగాదిగా చూసింది. "ముందు ఆ గడ్డం గీసుకో" అంది.

మర్నాడు టీచరమ్మ డాక్టరు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. రుమాలు నోటికి అడ్డంగా పట్టుకుంది. పళ్ళాయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఏదో చెప్పబోయాడు.

"ఊరుకో. అంతా విన్నాను" అంది ఆవిడ. పళ్ళు లేక మాట మెత్తగా వచ్చింది గానీ అందులో పదును ఎక్కడికీ పోలేదు. "నా నోరేమైనా మీ ఇంటి గోడటయ్యా, మీ ఆవిడ ఫోటో తగిలించుకోడానికి?"

"కాదమ్మా."

"జీవితమంతా పిల్లల ముందు నోరు తెరిచి బతికినదాన్ని. నువ్వు పెట్టిన పళ్ళతో మా చెల్లెలి ఇంటికి వెళ్తే, ఎవరి మూతే అక్కా అది అంది. ఆ రోజునుంచీ నవ్వడం మానేశాను. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాను, దొంగలాగా. తప్పు నీది, సిగ్గు నాకు. ఇదేం న్యాయం?"

పళ్ళాయన కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. వారం కిందటైతే ఆ మాట తిట్టులా తగిలి ఊరుకునేది. ఇప్పుడు ఆ ఎత్తిన చెయ్యి చూస్తుంటే, ఆయనకి ఒకరు కాదు, ఇద్దరు ఆడవాళ్ళు కనిపించారు. ఒకరికి చెయ్యడానికి ఇక ఏమీ లేదు.

"ఫోటో తెచ్చారా అమ్మా?" అని అడిగాడు. ఏడాది తర్వాత ఆ మాట ఆయన నోటివెంట రావడం అదే.

ఆవిడ సంచిలోంచి ఒక పాత ఫోటో తీసి ఇచ్చింది. బడి పిల్లల నాటకం. మీసం పెట్టుకుని రాజు వేషంలో ఉన్న అమ్మాయి ఆవిడే. ఆ మీసం ఒకవైపు ఊడి వేలాడుతుంటే, నోరంతా తెరిచి పగలబడి నవ్వుతోంది. అన్నీ చిన్న పళ్ళు, బియ్యపు గింజల్లా. ముందు రెంటికీ మధ్య ఇంత సందు. నవ్వితే చిగురు కూడా కనబడుతోంది. అందమైన పలువరస అని ఎవరూ అనరు. ఆ అమ్మాయికి ఆ దిగులున్నట్టు కూడా లేదు.

వెనక గదిలో తండ్రి దీపం వెలిగించాడు, కూతురు ఫోటో పట్టుకుని పక్కన కూర్చుంది. తలుపు తీసే ఉంచాడు. మొదటి పళ్ళు బాగానే కుదిరాయి. ఎడమవైపు ముందు పన్ను దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దాని పాత దారే పట్టింది. పన్ను పక్కదాని మీదికి ఎక్కింది. ఆయన చూసుకోలేదు, కూతురు చూసింది.

"నాన్నా."

పళ్ళాయన నాలుక కరుచుకుని, మైనం కరిగించి ఆ పన్ను పీకేశాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే వరస. చెయ్యి ఎంత మొండిదో చూడండి. మూడోసారి వేడిచేసిన కత్తిని ఆయన బల్ల మీద పెట్టేశాడు.

"నాకు చేతకావడం లేదే. ఇది తీసేస్తే మీ అమ్మ ఇంక ఎక్కడుంది?"

కూతురు కళ్ళు తుడుచుకుంది. "నాకూ తెలీదు నాన్నా. కానీ టీచరమ్మ ఇక్కడుంది. ఫోటో చూడు. నా మొహం కాదు, ఫోటో చూడు."

చూశాడు. ఆ ఊడిన మీసం చూశాడు, చిన్న పళ్ళు చూశాడు, సందు ఎంతుందో కత్తి మొనతో కొలుచుకున్నాడు. ఏ పన్ను ఎంత పొట్టిదో, చిగురు ఎంతవరకు కనబడాలో కూతుర్ని అడిగాడు. కొంచెం లోపలికి, కాదు ఇంకొంచెం, ఆఁ అక్కడ, అని ఆ పిల్ల చెబుతూ పోయింది. ఇద్దరూ ఏడాదిలో మాట్లాడుకోనన్ని మాటలు ఆ ఒక్క పూట పళ్ళ గురించే మాట్లాడుకున్నారు. మధ్యలో ఎప్పుడో పళ్ళాయన తన భార్యని మరిచిపోయాడు. మరిచిపోయానని గుర్తొచ్చి ఉలిక్కిపడ్డాడు, మళ్ళీ పనిలో పడ్డాడు. సెట్టు పూర్తయ్యాక వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అందులో ఆయన మనిషి ఎక్కడా లేదు. గుండె కలుక్కుమంది, నిజమే. అయినా చేతిలో ఉన్నది మంచి పని అని ఆయనకి తెలిసింది. ఆ మాట తన గురించి తాను అనుకుని చాలా కాలమైంది.

మైనం సెట్టు టీచరమ్మ నోట్లో పెట్టింది డాక్టరమ్మ. పళ్ళాయన అద్దం అందించి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆవిడ రుమాలు నోటికి అడ్డంగా పట్టుకునే కాసేపు ఆలోచించింది. తర్వాత దించి, అద్దంలోకి చూసింది. పెదవులు కొంచెం ఎత్తింది. ఇంకొంచెం ఎత్తింది. ముందు పళ్ళ సందు బయటపడింది.

బాగాలేదంటే పళ్ళాయన ఇక ఈ ఆసుపత్రి మెట్లెక్కడు. ఆ సంగతి కూతురికీ తెలుసు, ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఓసి నీ మొహం మండా!" అంది టీచరమ్మ అద్దంతో. "ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావే?"

"అమ్మా, నవ్వకండి. ఇంకా మైనమే, పళ్ళు ఊడొస్తాయి" అన్నాడు పళ్ళాయన గాభరాగా.

ఆ మాటకి ఆవిడకి నవ్వు తన్నుకొచ్చింది. "మీసం ఊడింది, ఇప్పుడు పళ్ళూ ఊడతాయా!" అంటూ, కుర్చీ కదిలిపోయేలా, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వింది. అది ఎవరి నవ్వులాగానూ లేదు. గరుకుగా, పెద్దగా, వరండాలో జనం తొంగిచూసేలా ఉంది. డాక్టరమ్మ నవ్వింది, కూతురు నవ్వింది. ఎన్నాళ్ళకో విన్న ఆ పిల్ల నవ్వు ఆయన పక్కనే ఉంది. పళ్ళాయన మాత్రం టీచరమ్మ చేతుల వైపే చూస్తూ నిలబడ్డాడు. ఇప్పుడు లేస్తాయి, ఇప్పుడు లేస్తాయి అని ఊపిరి బిగబట్టి చూశాడు.

లేవలేదు. అద్దం ఒక చేతిలో, రుమాలు ఒక చేతిలో, రెండు చేతులూ ఒడిలోనే ఉన్నాయి.